మూడో క్వార్టర్‌బ్యాక్ ఆటలో అరటిపండేనా?

మా అక్క ఫోన్ చేస్తే మొదట అడిగేది ఏం తిన్నావని. ఆ రోజు అది కూడా అడగలేదు. "ఒరేయ్, వీణ్ణి పంట్ టీమ్‌లో వేశారట. క్వార్టర్‌బ్యాక్ అని కదా చెప్పారు, మళ్లీ ఆ తోపులాటలోకి పంపడం ఏంటి?" అంది. వెనకాల మా బావ గొంతు: "మానేసి టెన్నిస్‌లో చేరమను."

మా మేనల్లుడు డాలస్ పక్కన ఒక ఊళ్లో టెన్త్ గ్రేడ్ చదువుతున్నాడు. స్కూల్ జూనియర్ వర్సిటీ జట్టులో, అంటే స్కూల్ రెండో జట్టులో, మూడో క్వార్టర్‌బ్యాక్. పంట్ టీమ్ అంటే బంతిని దూరంగా తన్నేసేటప్పుడు దిగే గుంపు. అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్లకి ఇది చెప్పడం కష్టమేమీ కాదు, మన భాషలో మాట ముందే ఉంది: ఆటలో అరటిపండు. చిన్నప్పుడు తమ్ముణ్ణి వదిలి వెళ్లొద్దని అమ్మ గట్టిగా చెబితే వాణ్ణీ వీధిలోకి తెచ్చి, జట్టులో ఉన్నట్టే ఉంచి, అసలు లెక్కలోకి తీసుకోకుండా ఆడేవాళ్లం చూడండి, అదే. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు. జట్టు మొత్తం వాడి చుట్టూ తిరుగుతుంది. అలాంటివాడు ఒక్కడే మైదానంలో ఉంటాడు. మిగతా ఇద్దరూ టోపీ పెట్టుకుని, క్లిప్‌బోర్డు పట్టుకుని గీత పక్కన నిలబడతారు.

అక్క భయం తెలివితక్కువ భయం కాదు. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో, కోచ్‌లు చాలామంది నమ్మేది కూడా అదే. బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ డిక్కీలో ఉన్న స్టెప్నీ లాంటివాడు. స్టెప్నీ తీసి రోజూ తిప్పితే అసలు టైరు పంక్చరైన రోజు ఏం చేస్తాం? నేను మాత్రం దీనికి అవతలి పక్క. స్టెప్నీలు రెండు ఉన్న బండిలో ఒకటి తీసి తిప్పాల్సిందే అంటాను. ఎందుకో చెప్పడానికి ముందు లెక్కతో మొదలుపెట్టాలి.

ఎన్ఎఫ్ఎల్ జట్టులో ఆటగాళ్లు 53 మంది. మ్యాచ్ రోజు బట్టలు వేసుకుని దిగడానికి అర్హులు 48 మంది, 2019 దాకా 46 మందే. దాడికి 11, కాపుకి 11, బంతి తన్నేవాళ్లిద్దరు, వాళ్లకి బంతి అందించే లాంగ్ స్నాపర్ ఒకడు, మొత్తం పాతిక. మిగిలిన ఇరవై చిల్లర మందిలో ప్రతివాడూ స్పెషల్ టీమ్స్‌లో, అంటే బంతి తన్నే వేళ దిగే జట్లలో, ఏదో ఒక పని చెయ్యాలి. ఆట మొదలుపెట్టే కిక్‌ఆఫ్, దాన్ని తిరిగి తెచ్చే జట్టు, పంట్, దాన్ని తిరిగి తెచ్చే జట్టు, బంతిని గోలు స్తంభాల మధ్యకి తన్నే ఫీల్డ్ గోల్, దాన్ని అడ్డుకునే జట్టు. ఈ ఆరింటికీ మనుషులు కావాలి. బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల్లో నాలుగోవాడి ఉద్యోగం నిలబడేది కిక్‌ఆఫ్‌లో పరుగెత్తి ఎవణ్ణో పడగొట్టినందుకే. ఆ గుంపులో ఏ పనీ చెప్పనిది బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌లకి మాత్రమే. ఇద్దరు బ్యాకప్‌లని పెట్టుకుంటే రెండు కుర్చీలు ఖాళీ అన్నమాట.

క్రికెట్ చూసినవాళ్లకి ఈ లెక్క కొత్తేం కాదు. 2003 ప్రపంచ కప్‌లో ద్రావిడ్ చేత వికెట్ కీపింగ్ చేయించారు. పార్థివ్ పటేల్ జట్టుతోనే ఉన్నా బయట కూర్చున్నాడు. ద్రావిడ్ అందరికంటే గొప్ప కీపరని ఎవరూ అనలేదు. వాడు గ్లవ్స్ వేసుకుంటే ఇంకో బ్యాట్స్‌మన్‌కి చోటు దొరికేది. నేను చెబుతున్నదీ ఆ ఒక్క చోటు గురించే. ట్రిక్ ప్లేలు, అంటే అవతలివాళ్లని బోల్తా కొట్టించే ఎత్తులు, తర్వాతి సంగతి.

ఇక టేసమ్ హిల్ కథ. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్. అక్కడే నాలుగుసార్లు, నాలుగు వేర్వేరు సీజన్లు మధ్యలో ఆగిపోయేంత దెబ్బలు తగిలాయి. మోకాలు, కాలు, పాదం, మోచెయ్యి. 2017 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే వేళ, ఎవరూ తీసుకోలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ పిలిచింది, సీజన్ మొదలయ్యే ముందు వదిలేసింది. మర్నాడు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ పట్టుకుంది. అప్పటికి వయసు 27. అక్కడ డ్రూ బ్రీస్ అనే మహానుభావుడు ఉండగా క్వార్టర్‌బ్యాక్‌గా దిగే ఆశ లేదు. ఆ డిసెంబరులో కెరొలినా పాంథర్స్ మీద మ్యాచ్‌లో కోచ్ షాన్ పేటన్ అతన్ని కిక్ కవరేజీలో దింపాడు. క్వార్టర్‌బ్యాక్ వెళ్లి బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం అంటే మన పెళ్లిళ్లలో పురోహితుడు లేచి వడ్డన చేసినట్టు. జనం నవ్వారు. హిల్ మాత్రం నిజంగానే పడగొట్టాడు.

2018 సీజన్ నేను చాలా దగ్గరగా చూశాను. అప్పుడు నాకు బాటన్ రూజ్‌లో ప్రాజెక్టు. దానికి ముందు పది వారాలు గెస్ట్ హౌస్‌లో బెంచ్ మీద ఉన్నాను. ఏ కంపెనీ అన్నది వద్దులెండి, అక్కడ పప్పు నీళ్లలా ఉండేదని మాత్రం చెప్పగలను. జావా డెవలపర్‌గా తెచ్చి చివరికి టెస్టింగ్‌లో కూర్చోబెట్టారు. నాలుగు రోజులు మూతి ముడుచుకున్నాను. అప్పుడు టీవీలో ఈ మనిషి కనిపించాడు. పేరుకి క్వార్టర్‌బ్యాక్, చేసేది కిక్‌ఆఫ్ తిరిగి తేవడం, పంట్ అడ్డుకోవడం, లైను చివర ఉండే టైట్ ఎండ్ అనేవాడి పక్కన నిలబడి ఎవణ్ణో తోసెయ్యడం. నాకు సెయింట్స్ పిచ్చి అలా పట్టింది.

డిసెంబరు 9న టాంపాలో బకనీర్స్ మీద మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి సెయింట్స్ 14-3తో వెనకబడి ఉంది. బ్రీస్ ఏం చేసినా కలిసిరావడం లేదు. మూడో క్వార్టర్‌లో టాంపా పంట్ చెయ్యబోతే హిల్ లైను చీల్చుకుని వెళ్లి రెండు చేతులూ చాచి బంతిని అడ్డేశాడు. అక్కణ్ణుంచి ఆట తిరిగింది, 28-14తో గెలిచారు. పత్రికలన్నీ దాన్ని వింతగా రాశాయి. నాకు వింతేమీ కనిపించలేదు. వంద కిలోల బరువు, మంచి వేగం, దాని మీద ఎదుటి లైనులో ఖాళీ ఎక్కడ తెరుచుకుంటుందో చూసే కన్ను. అలాంటివాడికి క్లిప్‌బోర్డు ఇచ్చి నిలబెట్టి ఉంటే, వింత అదయ్యేది.

ఇక 2019 జనవరి 13. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో ప్లేఆఫ్. మర్నాడు భోగి. ఆట రెండో క్వార్టర్‌లోకి వచ్చేసరికి ఇండియాలో తెల్లవారుజాము, అమ్మ వీడియో కాల్‌లో వీధిలో భోగి మంట చూపిస్తోంది. నేను ఫోన్‌లో మంట, టీవీలో ఆట చూస్తున్నాను. సెయింట్స్ 14-0తో వెనకబడింది. సొంత 30 యార్డుల గీత దగ్గర నాలుగో డౌన్, ఒక్క యార్డు కావాలి. అంటే పది గజాలు ముందుకు పోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది. మామూలుగా అయితే ఇక్కడ బంతిని దూరంగా తన్నేసి అవతలివాళ్లకి అప్పగిస్తారు. అదే పంట్. పంట్ జట్టే దిగింది.

పంట్ జట్టులో తన్నేవాడు పద్నాలుగు, పదిహేను గజాలు వెనక ఉంటాడు. వాడికీ ముందున్న లైనుకీ మధ్యలో ఒకడు ఒంటరిగా నిలబడతాడు. పర్సనల్ ప్రొటెక్టర్ అంటారు. వాడి పని లెక్కపెట్టడం. ఎడమ పక్క నుంచి ఎంతమంది మీదకొచ్చేలా ఉన్నారు, కుడి పక్క ఎంతమంది, మనవాళ్లలో ఎవడు ఎవణ్ణి ఆపాలి, అన్నీ చూసి కేకేసి చెప్పాలి. అందరూ సర్దుకున్నాక బంతి ఇమ్మని సంకేతం ఇవ్వాలి. ఆ తర్వాత లైను దాటి వచ్చినవాణ్ణి సొంత ఒంటితో ఆపాలి. చూడండి, ఈ పనిలో ముప్పాతిక భాగం క్వార్టర్‌బ్యాక్ రోజూ చేసేదే. లెక్క, కేక, సంకేతం. మిగిలిన పాతికకే ఒళ్లు కావాలి. ఆ రోజు అక్కడ నిలబడింది హిల్. బంతి తన్నేవాడి దాకా వెళ్లలేదు, నేరుగా హిల్ చేతికొచ్చింది. దొంగ ఏడుపులా దొంగ పంట్. హిల్ మధ్యలోంచి దూరి కావాల్సిన యార్డు దాటేశాడు. అదే ఊపులో బంతిని అవతలి చివరి దాకా తీసుకెళ్లి టచ్‌డౌన్ కొట్టారు, చివరికి 20-14తో గెలిచారు. నేను అరిచిన అరుపుకి అమ్మ, "ఏమైందిరా, ఏం కాల్చుకున్నావు?" అంది. మంట వాళ్ల దగ్గర, కంగారు నా గురించి.

నన్ను అడిగితే ఆ ఒక్క యార్డు ఆ సాయంత్రం పుట్టింది కాదు. ఆ సీజనంతా హిల్ ఆ చోట నిలబడి ఉత్తినే లెక్కపెట్టాడు, ఉత్తినే ఆపాడు. ఫేక్ ఎప్పుడో గానీ చెయ్యరు. కానీ వాడు అక్కడ ఉన్నాడంటే అవతలి కోచ్‌కి ప్రతి పంట్‌కీ టెన్షనే. బంతి తిరిగి తెచ్చే జట్టుని కాకుండా మామూలు డిఫెన్స్‌నే మైదానంలో ఉంచాల్సి వస్తుంది. దాన్ని పంట్ సేఫ్ అంటారు. అలా ఉంచితే వాళ్లు బంతిని సరిగ్గా తిరిగి తేలేరు. అంటే ట్రిక్ చెయ్యని రోజున కూడా ట్రిక్ పది గజాలో, పదిహేను గజాలో సంపాదించి పెడుతూనే ఉంటుంది. స్కోరు పట్టికలో అది ఎక్కడా కనిపించదు.

"మరి టెబో సంగతేంటి?" అంటారు మా ఆఫీసులో న్యూ యార్క్ జెట్స్ అభిమాని. న్యాయమైన ప్రశ్న. 2012లో జెట్స్ టిమ్ టెబోని డెన్వర్ నుంచి తెచ్చుకుంది. అంతకు రెండు నెలల ముందే అతను ప్లేఆఫ్‌లో ఓవర్‌టైమ్ మొదటి బంతికే 80 గజాల టచ్‌డౌన్ విసిరి స్టీలర్స్‌ని ఇంటికి పంపాడు. జెట్స్‌లో మార్క్ శాంచెజ్ వెనక రెండో క్వార్టర్‌బ్యాక్, పంట్ జట్టులో పర్సనల్ ప్రొటెక్టర్. ఇండియనాపొలిస్ కోల్ట్స్ మీద ఒక ఫేక్ పంట్‌లో నిక్ బెల్లోర్‌కి పాస్ విసిరాడు, బాగానే పడింది. సీజన్ మొత్తంలో అతను విసిరింది ఎనిమిది పాస్‌లు. జట్టు 6-10తో ముగించింది. అసలు ఘోరం డిసెంబరులో జరిగింది. శాంచెజ్‌ని పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు టెబోని దాటేసి మూడోవాడైన గ్రెగ్ మెక్‌ఎల్‌రాయ్‌ని దింపారు. ఏడాదంతా కూరలో కరివేపాకులా వాడి, తినే వేళకి తీసి పక్కన పెట్టారు.

విశేషమేమిటంటే ఆ జెట్స్ స్పెషల్ టీమ్స్ నడిపిన మైక్ వెస్టాఫే 2017 నవంబరులో సెయింట్స్‌కి వచ్చాడు. అదే మనిషి, అదే ఆలోచన. ఫలితం మాత్రం పూర్తిగా వేరు. నా ఉద్దేశంలో తేడా ఒక్కటే. జెట్స్ టెబోని రెండో వరసలో పెట్టి వాడింది. వాడు నిజంగా క్వార్టర్‌బ్యాకా, కాదా అన్నది తేల్చుకోకుండానే వాడింది. సెయింట్స్‌లో 2018, 2019ల్లో రెండోవాడు టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్. 2019 సెప్టెంబరులో బ్రీస్ బొటనవేలికి దెబ్బ తగిలితే బ్రిడ్జ్‌వాటర్ దిగి ఐదుకి ఐదు మ్యాచ్‌లు గెలిపించాడు. ఆ ఐదు మ్యాచ్‌ల్లోనూ హిల్ తన పాత పని తను చేసుకుంటూ పోయాడు. రెండోవాణ్ణి పదిలంగా ఉంచి మూడోవాణ్ణి దుమ్ములోకి దింపారు. నేను సమర్థించేది ఈ పద్ధతినే, జెట్స్ పద్ధతిని కాదు.

ప్రమాదం లేదని ఎవరూ అనరు. 2023 జనవరి 29న శాన్ ఫ్రాన్సిస్కో 49అర్స్ సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో బ్రాక్ పర్డీ మోచెయ్యి దెబ్బతింది, తర్వాత వచ్చిన జాష్ జాన్సన్ తల దెబ్బతింది. పాస్ విసరలేని పర్డీయే మళ్లీ దిగాల్సొచ్చింది, 31-7తో పోయారు. ఇంకా ముందు, 2020 నవంబరు 29న కోవిడ్ నిబంధనల వల్ల డెన్వర్ బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్‌లందరూ బయటే ఉండిపోయారు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్న, పాస్‌లు అందుకునే రిసీవర్ కెండల్ హింటన్‌ని దింపారు, పాపం తొమ్మిది పాస్‌ల్లో ఒక్కటే చేరింది. ఆ రోజు అవతలి జట్టు ఏదో తెలుసా? సెయింట్స్. బ్రీస్ పక్కటెముకలు విరిగి ఇంట్లో ఉన్నాడు, క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది టేసమ్ హిల్. మూడేళ్లు పంట్ జట్టులో తోసుకున్నవాడు ఒళ్లు చెక్కుచెదరకుండా నిలబడ్డాడు. క్వార్టర్‌బ్యాక్‌లని కరువు చేసింది ఎవడి భుజమూ కాదు, ఒక వైరస్. ఆ సీజన్లో అతను మొదటి నుంచి ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లో మూడు గెలిచారు. గొప్ప క్వార్టర్‌బ్యాక్ అని నేను అనను, అలా అనేవాళ్లతో వాదిస్తాను కూడా. నాలుగోది ఫిలడెల్ఫియాలో ఓడిపోయారు, అక్కడ అవతలి క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కి అది మొదటి స్టార్ట్.

49అర్స్ అవస్థ చూసి 2023 మేలో లీగ్ ఒక నిబంధన తెచ్చింది. మూడో క్వార్టర్‌బ్యాక్‌ని ఆ 48 మంది లెక్కలో చేర్చకుండానే అత్యవసరానికి సిద్ధంగా ఉంచుకోవచ్చు. షరతు ఏంటంటే మొదటి ఇద్దరూ దెబ్బ తగిలో, రిఫరీ బయటికి పంపో వెళ్లిపోతేనే వాడు దిగాలి. ఒకడు కోలుకుని వస్తే వాడు మళ్లీ బయటికి పోవాలి. మంచి నిబంధనే, పర్డీ పరిస్థితి ఇంకొకరికి రాకూడదు. కానీ నాకు అందులో ఒక చిన్న అన్యాయం కనిపిస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు కిక్‌ఆఫ్‌లో పరుగెత్తలేడు, పంట్ జట్టులో నిలబడలేడు. ఇన్నాళ్లూ అలవాటుగా ఉన్నదాన్ని లీగ్ రాతపూర్వకం చేసింది. హిల్ 2017లో కాకుండా 2023లో వచ్చి ఉంటే పేటన్‌కి ఆ డిసెంబరులో అతన్ని కవరేజీలో వేసే ఆలోచన వచ్చేదా అని నాకు అనుమానం.

ట్రిక్ ప్లే అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫిలీ స్పెషల్. 2018 ఫిబ్రవరి 4, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్. ఈగిల్స్ అసలు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు పోవడంతో దిగిన బ్యాకప్ నిక్ ఫోల్స్, సగం ఆట ముగియడానికి 38 సెకన్లుండగా, ఒక యార్డు దూరంలో నాలుగో డౌన్‌లో, పాస్ విసరకుండా తనే అందుకుని టచ్‌డౌన్ చేశాడు. అందరూ ఫోల్స్ గురించే చెప్పుకుంటారు. నాకు ఇష్టమైనవాడు ఆ పాస్ విసిరినవాడు. ట్రే బర్టన్, టైట్ ఎండ్. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా మొదలయ్యాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే స్పెషల్ టీమ్స్‌లో ఒళ్లు వంచి ఉద్యోగం నిలబెట్టుకున్నాడు. ఆ పాస్ ఎంత నెమ్మదిగా, ఎంత తేలిగ్గా వెళ్లిందో చూడండి, బిడ్డకి బంతి అందించినట్టు.

ఒక్క పని మాత్రం నేను క్వార్టర్‌బ్యాక్‌కి ఇవ్వను. హోల్డర్. ఫీల్డ్ గోల్ తన్నేటప్పుడు ఏడెనిమిది గజాల నుంచి వచ్చిన బంతిని పట్టి, నేల మీద నిలబెట్టి, కుట్లు గోలు వైపు తిప్పి, వేలితో పైన అదిమి పట్టాలి. బంతి కదిలిన దగ్గర్నుంచి కాలు తగిలేదాకా సెకనున్నర కూడా ఉండదు. ఒకప్పుడు ఇది బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ పనే. 2006లో డాలస్ కౌబాయ్స్ బ్యాకప్ టోనీ రోమో ఆ పని చేసేవాడు. సీజన్ మధ్యలో అతనే అసలు క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. హోల్డర్ పని మాత్రం అతని చేతిలోనే ఉండిపోయింది. 2007 జనవరి 6న సియాటిల్‌లో ప్లేఆఫ్, ఒక నిమిషం 19 సెకన్లుంది, 19 గజాల కిక్, తగిలితే గెలుపు. బంతి రోమో చేతుల్లోంచి జారింది. తీసుకుని పరుగెత్తాడు, రెండు గజాల గీత దగ్గర దొరికిపోయాడు. 21-20. డాలస్‌లో ఈ సంగతి ఇప్పటికీ ఎత్తకూడదు, మా బావ ముందైతే అసలు ఎత్తకూడదు. ఇప్పుడు ఈ పని చాలావరకు పంటర్లకి పోయింది, అదే సబబు. ప్రాక్టీసంతా పంటరూ, కిక్కరూ పక్కపక్కనే ఖాళీగా ఉంటారు, వంద సార్లు సాధన చేసుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ ఆ వేళ ఎక్కడో మీటింగులో ఉంటాడు.

డబ్బు మాట కూడా చెప్పాలి. 2021 నవంబరులో సెయింట్స్ హిల్‌తో నాలుగేళ్ల ఒప్పందం చేసుకుంది. మామూలుగా 4 కోట్ల డాలర్లు, క్వార్టర్‌బ్యాక్‌గా ఆడితే 9.5 కోట్ల దాకా. ఒకే మనిషికి రెండు బిల్లింగ్ రేట్లు. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్లు దీన్ని చూసి నిట్టూర్చక మానరు. చివరికి 2022 నుంచి జట్టు కాగితాల్లోనూ అతని పేరు పక్కన టైట్ ఎండ్ అనే రాశారు. ఆ అక్టోబరులో సియాటిల్ మీద మూడు టచ్‌డౌన్‌లు పరుగెత్తి చేసి, నాలుగోది పాస్ విసిరాడు. 2024 డిసెంబరులో మోకాలు చీలింది. అక్క ఈ ముక్క ఎక్కడో చదివి నాకు పంపింది. కింద ఏమీ రాయలేదు.

నేను ఆమెకి ఇవన్నీ చెప్పలేదు. "అక్కా, మూడోవాడికి ఆడే చోటు అదొక్కటే. రెండోవాడైతే నేనే వద్దనేవాణ్ణి" అన్నాను. ఒక గురువారం సాయంత్రం హ్యూస్టన్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను. స్టాండ్స్‌లో అక్క, బావ, ఫ్లాస్కులో టీ, జంతికల డబ్బా. మొదటి పంట్‌కి మావాడు దిగాడు. హెల్మెట్ పెద్దదిగా ఉంది, లేదా తల చిన్నదిగా ఉంది. చెయ్యి చాచి ఎడమ పక్క లెక్కపెట్టాడు, కుడి పక్క లెక్కపెట్టాడు, ఏదో అరిచాడు, గొంతు మధ్యలో కీచుమంది. బంతి వాడి తల మీదుగా వెళ్లింది. అవతలి జట్టు నుంచి ఒక బండోడు నేరుగా వచ్చి వాడి ఛాతీకి తగిలాడు. మావాడు వెల్లకిలా పడ్డాడు. కానీ ఆ బండోడూ వాడి మీదే పడ్డాడు, తన్నేవాడి దాకా వెళ్లలేదు. బంతి హాయిగా పైకి లేచి నలభై గజాల అవతల పడింది. అక్క లేచి నిలబడింది. మావాడు కూడా లేచి నిలబడ్డాడు, జెర్సీ దులుపుకున్నాడు.

ఇంటికొచ్చాక నెయ్యి వేసుకుని పప్పన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. "మామయ్యా, లెఫ్ట్‌లో ఐదుగురున్నారు, చూశావా? నేను షిఫ్ట్ చేశాను." చూశానన్నాను. నిజానికి నేను చూసింది వాడు పడటమే.

ఆ తర్వాత రెండు వారాలకి అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఏం తిన్నావంది. ఇంకేదో చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, బావకి వినిపించకుండా కాబోలు, "ఒరేయ్, ఆ దొంగ పంట్ వీడి చేత ఎప్పుడు చేయిస్తారు? నిన్న నాలుగో డౌన్‌కి ఒక్క యార్డే ఉందిరా, అయినా తన్నేశారు" అంది.